ఎడమచేతి మీద గాటు

తోలు చూసి పశువు ఎలా బతికిందో చెప్పటం నా పని. మాచర్ల స్టేషను వెనక మా గోడౌనుకి వచ్చిన ప్రతి తోలునీ లోపలివైపు తిప్పి అరచేత్తో ఒకసారి తడుముతాను. కాడి ఎక్కడ ఒరుసుకుందో, వాత ఎక్కడ పెట్టారో, ఏ గాటు పశువు బతికుండగా పడి మానిందో, ఏది వలిచేవాడి కత్తి జారి పడిందో చేతికే తెలిసిపోతుంది. బతికుండగా పడి మానిన గాటుతో నష్టం లేదు. సున్నం గుంటలో నానినా అక్కడ తోలు పట్టే ఉంటుంది. కొత్త గాటు మాత్రం విచ్చుకుంటుంది. నాగూర్ వలి పంపిన సరుకైతే తిప్పి చూడక్కర్లేదని మద్రాసు షావుకార్లు అనుకునేవాళ్ళు. అలాంటి నేను ఇద్దరు మనుషుల చర్మం చూడటం మర్చిపోయాను.

ఏసయ్య ఇరవై ఏళ్ళుగా మాకు తోళ్ళు వేసేవాడు. క్రైస్తవుడు. ఆదివారం తప్ప తక్కిన రోజులన్నీ అతని ఒంటి నుంచి సున్నం, తంగేడు చెక్క వాసన వచ్చేది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పున్నయ్య, చిన్నవాడు దానయ్య. ఇద్దరికీ రెండేళ్ళ తేడా.

"ఇద్దర్నీ చదివించే తాహతు లేదు సాయిబూ," అన్నాడు ఒకసారి. "ఇద్దరి చేతా కత్తి పట్టిస్తే నా బతుక్కీ వాళ్ళ బతుక్కీ తేడా లేదు. అందుకని ఒకణ్ణటూ ఒకణ్ణిటూ."

అలాగే చేశాడు. పెద్దవాణ్ణి మిషన్ బోర్డింగు స్కూల్లో వేశాడు. చిన్నవాడికి పదేళ్ళకే కత్తి ఇచ్చాడు. సెలవులకి వచ్చిన పున్నయ్య సరదాకి కత్తి ముట్టుకున్నా ఏసయ్య ఊరుకునేవాడు కాదు. "ఒరేయ్, నీది కలం పట్టే చెయ్యిరా, దించు!" అని అరిచేవాడు.

తోలు గీకేవాడికి ఎడమచేతి బొటనవేలి మొదట్లో గాటు పడక తప్పదు. ఎడమచేత్తో తోలు బిగించి లాగుతాం, కుడిచేత్తో కత్తి నడుపుతాం. ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది, జారితే అక్కడే తగులుతుంది. ఏసయ్యకి అలాంటివి మూడు ఉన్నాయి. దానయ్యకి ఒకటే, వంకరగా, పొడుగ్గా ఉండేది. నాకూ ఒకటి ఉంది, కుర్రతనంలోది. పున్నయ్య చెయ్యి మాత్రం నున్నగా ఉండేది.

పంతొమ్మిది వందల నలభైమూడు ఫిబ్రవరిలో పట్టాళంలోకి మనుషుల్ని తీసుకునే హవల్దారు మాచర్లలో డేరా వేశాడు. ఆ యుద్ధం వల్ల నాకు నష్టమేమీ జరగలేదు. సిపాయిలకి బూట్లు కావాలి, బూట్లకి తోలు కావాలి. డేరా దగ్గర బ్యాండు వాయిస్తుంటే, సెలవుకి వచ్చిన పున్నయ్య స్నేహితులతో పందెం కాసి వెళ్ళి పేరిచ్చాడు. మర్నాటికి వేడి దిగిపోయింది. ఇంకో నెలలో స్కూలు ఫైనల్ పరీక్ష.

ఏసయ్య, పెళ్ళాం జ్ఞానమ్మ, కొడుకులిద్దరూ గోడౌనుకి వచ్చారు.

"శుక్రవారం గుంటూరులో డాక్టరు పరీక్షంట సాయిబూ. పేరిచ్చి రాకపోతే పోలీసులొస్తారంట," అన్నాడు ఏసయ్య.

పున్నయ్య తలొంచుకుని నిలబడ్డాడు. పదేళ్ళ బోర్డింగు చదువు నెల రోజుల్లో చేతికి రాబోతూ పోయేట్టుంది. నేను వ్యాపారస్తుణ్ణి. ఎదుటివాడికి ఏం కావాలో, అతని దగ్గర ఏ రుజువుందో ముందు చూస్తాను.

"వాళ్ళకి కావాల్సింది పున్నయ్య అనే మనిషి ఒకడు," అన్నాను. "డాక్టరు ఇంకా చూడలేదు. వాళ్ళ దగ్గర పేరు తప్ప ఏముంది? చిన్నోణ్ణి పంపు."

దానయ్య నవ్వాడు. "అన్న పేరుతోనా వలి మామా? అట్టయితే నేనక్కడ ఏ తప్పు చేసినా తిట్లు అన్నకే పడతయ్యి. ఇదేదో బాగుందే."

"నవ్వుతావేందిరా!" అంది జ్ఞానమ్మ. "నీకేమన్నా అయితే ఏ పేరు చెప్పి ప్రార్థన చెయ్యాలిరా నేను?"

దానయ్య నా ఉప్పు బస్తా మీద కూర్చుని అన్న వైపు చూశాడు. "నేనెట్టాగూ ఈ సున్నంలోనే ఉండేవాణ్ణి. నువ్వు పరీక్ష రాసుకో," అన్నాడు. శుక్రవారం రైలెక్కింది దానయ్య. గుంటూరులో డాక్టరు రాసుకున్నది పున్నయ్య, తండ్రి ఏసయ్య, ఊరు మాచర్ల.

పున్నయ్య పరీక్ష పాసయ్యాడు. నూజెండ్ల దగ్గర ఒక పల్లెలో మిషన్ వాళ్ళ చిన్న బడిలో పంతులుగా కుదిరాడు. అక్కడ దానయ్య అస్సాం కొండల్లో రోడ్లు వేశాడు. మూడేళ్ళ తర్వాత, నలభైయారు మార్చిలో తిరిగి వచ్చాడు. చిక్కిపోయాడు. మలేరియా వదల్లేదు. కాకీ చొక్కా, ఒక ట్రంకు, అందులో డిశ్చార్జి పుస్తకం.

"చదువేమన్నా నేర్పారా రా?" అని అడిగాను.

"సంతకం నేర్పారు మామా, ఇంగ్లీషులో." నేల మీద పుల్లతో ఒక్కో అక్షరం చెక్కినట్టు పున్నయ్య అని రాశాడు. "ఇదొక్కటే వచ్చు. నా పేరు రాయటం నాకు రాదు. అన్న పేరొచ్చు." అదేదో పెద్ద తమాషా అయినట్టు నవ్వాడు.

వేసవిలో పున్నయ్య పేపరు పట్టుకుని, తల్లినీ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని గోడౌనుకి వచ్చాడు. యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్ళు చదువుకుంటామంటే సర్కారు కాలేజీల్లో ఫీజు మాఫీ, హాస్టలు ఖర్చుకి నెలనెలా కొంత. ఆ మూడేళ్ళూ పల్లె పిల్లల చేత అ ఆలు దిద్దించాడు గానీ, అతని మనసంతా కాలేజీ మీదే ఉండేది. చేతికి వచ్చే జీతంలో కాలేజీ గేటు దాకా రైలు టిక్కెట్టు కూడా కుదరదు.

"కాగితాల్లో ఉన్నది నా పేరే మామా," అన్నాడు. తమ్ముడి వైపు చూడలేదు.

మిగతా మాట దానయ్యే అన్నాడు. "ఇందులో అడగటానికేముంది? నేను పోయి కాలేజీలో ఏం చేస్తా, బెంచీలు తుడుస్తానా? నా మూడేళ్ళూ ఆ బురదలో పోసొచ్చా. దేనికన్నా అక్కరకొస్తే మంచిదే గదా. తీసుకుపో."

జ్ఞానమ్మ కళ్ళు తుడుచుకుని ఇద్దరి తలల మీదా చేతులు వేసింది.

దరఖాస్తు మీద, మనిషి ఇతనేనని ఊళ్ళో పన్ను కట్టే పెద్దమనిషి ఒకరు సంతకం పెట్టాలి. నేను పెట్టాను. పెట్టేముందు, పరీక్ష పాసయ్యాక స్కూలు వాళ్ళిచ్చిన పుస్తకం, డిశ్చార్జి పుస్తకం పక్కపక్కన పరిచి, ఇంగ్లీషు గనక పున్నయ్య చేత చదివించాను. పేరు సరి. తండ్రి పేరు సరి. ఊరు సరి. వయసు సరి. కింద పుట్టుమచ్చల వరుసలు రెండున్నాయి. అవి ప్రతి కాగితంలోనూ ఉంటాయి. కాగితం ఎవరిదో వాళ్ళు కూడా చదవరు. పున్నయ్యా చదవలేదు, నేనూ అడగలేదు.

జులైలో పున్నయ్య గోదావరి దాటి కాలేజీకి వెళ్ళాడు. ఆరు వారాలు క్లాసుల్లో కూర్చున్నాడు. ఇంటికి ఒక ఉత్తరం రాశాడు. అక్కడి లైబ్రరీలో నిచ్చెన వేసుకుని పుస్తకాలు తీస్తారని, తనూ ఎక్కానని. ఏసయ్య ఆ ఉత్తరాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

ఏడో వారంలో పున్నయ్య ట్రంకుతో తిరిగి వచ్చాడు. కాలేజీ డాక్టరు కొత్త పిల్లలందర్నీ చూసేటప్పుడు రెండు పుస్తకాలూ దగ్గర పెట్టుకున్నాడు. స్కూలు పుస్తకంలో కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ, ఎడమ మోకాలి కింద పుట్టుమచ్చ. రెండూ ఉన్నాయి. డిశ్చార్జి పుస్తకంలో మెడ వెనక పుట్టుమచ్చ, ఎడమ బొటనవేలి మొదట్లో పాత కత్తి గాటు. రెండూ లేవు. సంగతి విచారించి రాయమని తాసీల్దారుకి కాగితం పంపారు. సోమవారం గురజాలలో విచారణ. సంతకం పెట్టినవాణ్ణి గనక నాకూ నోటీసు వచ్చింది.

శనివారం పొద్దున అన్నదమ్ములిద్దరూ గోడౌనుకి వచ్చారు. పున్నయ్య నా ముందు ఎడమచెయ్యి చాపాడు.

"మెడ మీద మచ్చ సూదితో పొడిపించుకోవచ్చు. ఇక్కడ గాటు పెడితే పాతదిగా కనపడటానికి ఎన్నాళ్ళు పడుద్ది మామా?"

"మూడేళ్ళు."

"సున్నం రాస్తే?"

"సున్నం రాస్తే చెయ్యి పుండవుద్ది. పున్నయ్యా, నేను కళ్ళు మూసుకుని చెప్పగలను ఏది కొత్తదో. డాక్టరు కళ్ళు తెరుచుకుని చూస్తాడు."

అతను చెయ్యి దించలేదు. తిప్పి, మళ్ళీ తిప్పి తనే చూసుకున్నాడు. ఆ చేతికి గాటు పడకుండా ఏసయ్య ఇరవై ఏళ్ళు కాపలా కాశాడు.

దానయ్య గోడకి చేరబడి ఉన్నాడు. "నిజం చెప్పేద్దాం మామా. యుద్ధానికి పోయింది నేను, చదివింది అన్న. దొంగతనమేం చెయ్యలేదు గదా. మూడేళ్ళు రాళ్ళు కొట్టా. ఉత్తినే ఏం తినలా."

"ఒకడి పేరుతో ఇంకొకడు పట్టాళంలో చేరటం నేరంరా."

"నాకు శిక్షేస్తే వెయ్యనీ."

"నీ ఒక్కడికేనా? పేరిచ్చి తప్పుకున్నవాడు నీ అన్న. పంపినవాణ్ణి నేను. సంతకం పెట్టినవాణ్ణి నేను."

నా గొంతులోని భయం దానయ్య వినే ఉంటాడు. అన్న చెయ్యి పట్టుకుని దించాడు.

ఆ రెండు రోజులూ నేను లెక్క వేశాను. నిజం చెబితే ముగ్గురం పోతాం, నా తోళ్ళ లైసెన్సు పోతుంది. పెద్దవాడే సిపాయి అంటే చెయ్యి ఒప్పుకోదు. చిన్నవాడే పున్నయ్య అంటే చెయ్యి ఒప్పుకుంటుంది, యుద్ధం ఒప్పుకుంటుంది, పట్టాళం కాగితాల్లో తప్పే లేదు. ఇక తప్పుండేది స్కూలు రిజిస్టరులో. బోర్డింగులో వేసినప్పుడు పేర్లు తారుమారయ్యాయంటే జైలు ఉండదు. స్కూలు పుస్తకం చెల్లకుండా పోతుంది, అంతే. ఆ "అంతే" దగ్గర ఆగాను. ఎన్నిసార్లు తిప్పి వేసినా ముగ్గురికి బదులు ఒకడు పోయే దారి అదొక్కటే.

ఎవరికీ చెప్పలేదు. చెబితే దానయ్య సాగనివ్వడు.

సోమవారం రైల్లో గురజాల వెళ్ళాం. నేను, ఏసయ్య, కొడుకులిద్దరూ. తాసీల్దారు నడివయసు మనిషి, జలుబు చేసి ఉన్నాడు. రెండు పుస్తకాలూ ముందు పెట్టుకుని ముక్కు తుడుచుకున్నాడు.

"ఒక పున్నయ్యకి బుగ్గ మీద మచ్చ, కాలి మీద మచ్చ. ఇంకో పున్నయ్యకి మెడ మీద మచ్చ, చేతి మీద గాటు. ఒకే మనిషికి నాలుగూ ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు, ఇవాళే మూసేస్తాను. ఏవీ, చేతులు చూపించండి."

అన్నదమ్ములు చూపించారు. ఏసయ్య కూడా ఎడమచెయ్యి చాపాడు.

"నువ్వెందుకయ్యా?"

"మా ఇంట్లో అందరికీ ఉంటదండీ ఆ గాటు."

"అందరికీ ఎక్కడుంది?" అన్నాడు తాసీల్దారు పున్నయ్య చెయ్యి చూస్తూ. అప్పటికి గానీ ఏసయ్యకి తెలియలేదు తానేమన్నాడో. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

తాసీల్దారు నా వైపు తిరిగాడు. "సంతకం నీదేనా సాయిబూ?"

"నాదేనండీ."

"ఇరవై ఏళ్ళ పరిచయం అని రాశావు. వీళ్ళిద్దరిలో పున్నయ్య ఎవరు?"

పక్కన దానయ్య ఊపిరి పీల్చి ఒక అడుగు ముందుకు వేశాడు. నోరు తెరిచాడు. అతను ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. అంతకంటే ముందే నేను అతని భుజం మీద చెయ్యి వేశాను.

"ఇతనేనండీ పున్నయ్య. యుద్ధానికి పోయి వచ్చింది ఇతనే."

"మరి కాలేజీకి పోయినవాడు?"

"వీడి అన్న, దానయ్య. బోర్డింగులో వేసేటప్పుడు పేర్లు తారుమారయ్యాయి. తమ్ముడి పేరు మీద చదివాడు. ఇప్పుడు తమ్ముడి మాఫీ మీద ఆశపడ్డాడు. నేను కాగితం సరిగ్గా చూడకుండా సంతకం పెట్టాను. తప్పు నాదే."

దానయ్య భుజం నా చేతికింద బిగుసుకుంది. పున్నయ్య నా వైపు చూశాడు. కోపం ఉంటే బాగుండేది. లెక్క చెయ్యటం వచ్చినవాడు ఎదుటివాడి లెక్కని చదివినట్టు చూశాడు. చదివాక తలొంచుకున్నాడు.

"అంతేనా?" అన్నాడు తాసీల్దారు ఏసయ్యతో.

ఏసయ్య ఇద్దరు కొడుకుల్నీ మార్చి మార్చి చూశాడు. నన్ను చూశాడు. ఇరవై ఏళ్ళలో నేనన్న ధరకి అతను ఎన్నడూ కాదనలేదు. "సాయిబు చెప్పిందేనండీ," అన్నాడు.

"అయితే మాఫీ ఈ సిపాయికే చెల్లుతుంది, చదువుకుంటానంటే. స్కూలు పుస్తకం విద్యాశాఖకి పంపిస్తాను." అంటూ రాసుకున్నాడు. గుమాస్తా వాంగ్మూలం కాగితం బల్ల మీద పెట్టాడు.

దానయ్య కలం తీసుకుని కదల్లేదు. "పెట్టరా," అన్నాడు పున్నయ్య. చాలా మెల్లగా అన్నాడు. దానయ్య తనకి వచ్చిన ఆ ఒక్క మాట ఇంగ్లీషులో ఒక్కో అక్షరం చెక్కాడు. పున్నయ్య.

తర్వాత కలం పెద్దవాడి చేతికి వచ్చింది. వంగి రాయబోయాడు. చెయ్యి అలవాటుగా 'ప' మొదలుపెట్టింది.

"ఏయ్, ఏ పేరు రాస్తున్నావయ్యా?" అన్నాడు గుమాస్తా.

పున్నయ్య ఆగాడు. ఆ ఒక్క అక్షరాన్ని కొట్టేశాడు. కాసేపు కలం గాలిలో పట్టుకున్నాడు. తమ్ముడి పేరు రాయటం అతనికి రాదా? నాలుగు అక్షరాలు కూడా కాదు. కలం బల్ల మీద పెట్టి, ఎడమ బొటనవేలు సిరా గుడ్డ మీద అద్దాడు. "వేలిముద్ర తీసుకోండి," అన్నాడు.

తిరుగు రైల్లో ఏసయ్య కిటికీ పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పున్నయ్య వేరే పెట్టెలో ఎక్కాడు. దానయ్య నా ఎదురుగా కూర్చున్నాడు.

"నేను నిజం చెప్పబోయా మామా."

"తెలుసు."

"ఆయన మంచోడిలాగే ఉన్నాడు. వినేవాడేమో."

"వినకపోతే?"

"వినకపోతే ముగ్గురం పోయేవాళ్ళం. ఇప్పుడు అన్న ఒక్కడే పోయాడు." రెంటచింతల స్టేషను దాటేదాకా బయటికి చూస్తూ ఉన్నాడు. "నీకిది లాభంగా కనపడింది కదూ."

నేను వేసింది సరిగ్గా అదే లెక్క.

రెండు నెలలకి స్కూలు పుస్తకం చెల్లదని కాగితం వచ్చింది. పున్నయ్య తిరిగొచ్చి మళ్ళీ చేరిన నూజెండ్ల దగ్గర బడిలో అతన్ని తీసేశారు. దానయ్య మాఫీ కాగితాన్ని ట్రంకు అడుగున పెట్టి, నరసరావుపేటలో లారీల షెడ్డులో పనికి కుదిరాడు. మెకానిక్కు ట్రైనింగుకైనా ఆ కాగితం పనికొస్తుందని కబురు చేశాను. జవాబు రాలేదు. నెలకోసారి తల్లికి డబ్బు పంపేవాడు. పోస్టుమాన్ పంపినవాడి పేరు పున్నయ్య అని పైకి చదివేవాడు. జ్ఞానమ్మ వేలిముద్ర వేసి తీసుకునేది, ఎవరి వైపూ చూడకుండా.

డిసెంబరులో పున్నయ్య గోడౌనుకి వచ్చి పని అడిగాడు.

"లోపల బల్ల దగ్గర కూర్చో. మద్రాసు ఉత్తరాలు రాసిపెట్టు. నా కళ్ళు ఆనటం లేదు," అన్నాను. నిజానికి నా కళ్ళు బాగానే ఉన్నాయి.

"నాకు రాత రాదు గదా సాయిబూ," అన్నాడు. మామా అనటం ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు. "వేలిముద్ర వేశాగా." గోడకి వేలాడుతున్న కత్తుల్లో ఒకటి తీసుకుని తోలు గీకే దుంగ దగ్గర కూర్చున్నాడు. ఏసయ్య ఆ రోజు పనిలోనే ఉన్నాడు. తన తోలు చుట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అతనికి పని రాదు. తోలు బిగించటం తెలియదు. నాలుగో రోజున కత్తి జారింది. నేను ఉప్పు తూకం వేయిస్తుంటే లేచి వచ్చి నా ముందు ఎడమచెయ్యి చాపాడు. బొటనవేలి మొదట్లో, సరిగ్గా డిశ్చార్జి పుస్తకంలో రాసి ఉన్నచోట, రక్తం మణికట్టు దాకా కారుతోంది.

"మూడేళ్ళంటివి గదా సాయిబూ," అన్నాడు. "చూసి చెప్పు."

పసుపు తెమ్మని కేకేశాను. వచ్చేలోగా, అలవాటుకొద్దీ, గాటు అంచుని వేలితో తడిమాను. లోతుగానే పడింది. బతికున్న చర్మం మీద పడ్డది, మానుతుంది, పట్టి ఉంటుంది. ఆ మాటే చెప్పాను.

అతను విని తలూపాడు. పసుపు కోసం ఆగలేదు. గుడ్డ పేలిక చుట్టుకుని, కత్తి తుడుచుకుని, మళ్ళీ దుంగ దగ్గర కూర్చున్నాడు.